పెట్టెలో పెట్టి చూడరా

మా గరాజులో బెంచీ కింద ఒక గుడ్ల అట్ట ఉంది. రెండేళ్ల కిందట అందులో ఇరవైమూడు వాక్యూమ్ ట్యూబులు (ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోలనూ టీవీలనూ నడిపిన గాజు గొట్టాలు) సర్దాను, ఇక ఇవి పనికిరావని తేల్చేసి. ఇప్పుడు నాలుగే మిగిలాయి. తక్కిన పందొమ్మిదీ నేను పీకిన చోటికే తిరిగి వెళ్లి, ఎర్రగా వెలుగుతూ, తమ పని తాము చేసుకుంటున్నాయి. వాటిని అనవసరంగా పీకిన పాపం నాది. ఎందుకు పీకానో, ఎందుకు వెనక్కి పెట్టానో చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నాను. పాత ఆసిలోస్కోపులూ (విద్యుత్ తరంగాన్ని తెర మీద గీసి చూపే పరికరాలు, క్లుప్తంగా స్కోపులు) వోల్టుమీటర్లూ బాగుచేసే సరదా ఉన్న మనవాళ్లు ఇంకొందరు ఇదే తప్పు చేస్తున్నారు. వాళ్ల చేతుల్లో మంచి ట్యూబులు చెత్తబుట్టలోకి పోతున్నాయి.

నేనుండేది ఒరెగాన్‌లోని హిల్స్‌బరోలో. చిప్పుల ఫ్యాక్టరీ ఉద్యోగాలకని వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. పక్క ఊరు బీవర్టన్. అది టెక్‌ట్రానిక్స్ వాళ్ల ఊరు. 1946లో హోవర్డ్ వోలమ్, జాక్ మర్డాక్ తమ మిత్రులతో కలిసి పోర్ట్‌లాండ్‌లో ఆ కంపెనీ పెట్టారు. మరుసటేడు 511 అనే స్కోపు తెచ్చారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ప్రపంచంలో ఏ పెద్ద లేబొరేటరీలో చూసినా వాళ్ల స్కోపే. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దవాళ్ల ఇళ్లలో సామాన్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఇప్పటికీ అలాంటివి బయటపడుతుంటాయి. అట్లా దొరికిందే నా 545ఏ. దాదాపు 30 కిలోల బరువు, 30 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, వెనక పెద్ద ఫ్యాను, లోపల వరసలు వరసలుగా ట్యూబులు. పక్క మూత తీస్తే తెల్లటి పింగాణీ పట్టీల మీద రెసిస్టర్లు కొలిచి పేర్చినట్టుంటాయి. ఆ పట్టీలకు మామూలు సోల్డరు పనికిరాదు, వెండి కలిసిన సోల్డరే వాడాలి. అందుకని ఒక చిన్న చుట్ట సోల్డరు లోపలే పెట్టి పంపేవాళ్లు. ఎప్పటికైనా ఎవరో ఒకరు దీన్ని బాగుచేస్తారని నమ్మి చేసిన వస్తువది.

స్విచ్చి వేస్తే వెలిగింది. గీత కనిపించింది. చతురస్ర తరంగం ఇస్తే కాస్త వంకరగా అయినా చూపించింది. నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. అప్పటికే ట్యూబు బలాన్ని ముల్లుతో చూపే పాత మ్యూచువల్ కండక్టెన్స్ టెస్టరు ఒకటి కొనిపెట్టుకుని ఉన్నాను, చేయి ఊరుకోలేదు. రెండు వారాంతాలు కూర్చుని ఒక్కో ట్యూబూ పీకి టెస్టరులో పెట్టి ముల్లు చూశాను. పట్టికలో రాసిన అంకెకన్నా తక్కువ చూపించినవన్నీ గుడ్ల అట్టలోకి పోయాయి. వాటి స్థానంలో పెట్టెల్లోంచి కొత్తవి తీసి పెట్టాను. స్విచ్చి వేసేసరికి తరంగం మొదటి మూల కొండలా లేచింది, గీత తెర మధ్యకు రానంది, గెయిన్ (సిగ్నలు ఎన్ని రెట్లు పెరగాలో చెప్పే) నాబు చివరిదాకా తిప్పినా సరిపోలేదు.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. మా నాన్న అక్కడ నలభై ఏళ్లు రేడియో రిపేరు కొట్టు నడిపారు. ఆయన భాషలో ఇవి ట్యూబులు కావు, వాల్వులు. ట్యూబంటే ఆయనకు సైకిలు ట్యూబో ట్యూబులైటో. సంగతంతా చెప్పాను.

"ఏ వాల్వు ఏ సాకెట్‌లోదో రాసుకున్నావా?" అన్నారు.

"లేదు నాన్నా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాల్వు మంచిదో కాదో ముల్లు చెబుతుందేంట్రా? పెట్టెలో పెట్టి చూడాలి గానీ" అన్నారు.

పెట్టె అంటే రేడియో. ఆయన కొట్టులో టెస్టరు లేదు, కొనే స్తోమతా లేదు. బాగా పాడే ఫిలిప్స్ రేడియో ఒకటి మాత్రం బల్ల మీద ఎప్పుడూ ఉండేది. అనుమానం వచ్చిన ఈసీహెచ్81నో ఈఎల్84నో తీసుకెళ్లి అందులో పెట్టి విజయవాడ స్టేషను వినేవారు. పాడితే మంచిది, గరగరలాడితే కాదు. బెంగళూరు నుంచి వచ్చే బెల్ వాల్వు ఒకటి మార్చడమంటే ఆ రోజుల్లో గిరాకీదారుకు భారం. నమ్మకంగా తెలిస్తే తప్ప పోయిందని చెప్పేవారు కాదు. లేనితనం వల్ల అబ్బిన పద్ధతి కదా అని నేను చిన్నచూపు చూశాను. అది సరైన పద్ధతి అని తెలియడానికి నాకో చలికాలమంతా పట్టింది.

టెస్టరు నిజానికి ఏం కొలుస్తుందో చూద్దాం. ట్యూబులో హీటరు వేడిచేస్తే ఎలక్ట్రాన్లు వదిలేది కాథోడ్, వాటిని అందుకునేది ప్లేటు, మధ్యలో ఆ పారుదలను అదుపు చేసే తీగల వల గ్రిడ్. వాటిలో రెండు జాతులు. చవకవి ఎమిషన్ టెస్టర్లు. గ్రిడ్లన్నిటినీ ప్లేటుకు కలిపేసి ట్యూబును ఉత్త డయోడులా మార్చి, కాథోడ్ నుంచి ఎంత కరెంటు వస్తుందో చూస్తాయి. కాథోడ్‌లో ప్రాణం ఉందో లేదో చెబుతాయి, అంతే. గ్రిడ్ తన పని చేస్తోందా లేదా అన్నది వాటికి పట్టదు. 1950లు, 60లలో అమెరికాలో మందుల షాపుల్లో కూడా ఇలాంటివి నిలబెట్టేవాళ్లు. జనం ఇంట్లో టీవీ ట్యూబులు ఊడబీక్కుని సంచిలో వేసుకొచ్చి, వాళ్లే పరీక్ష చేసుకుని, ముల్లు ఎర్ర గడిలో ఉంటే అదే బల్ల కింది అరలోంచి కొత్తది కొనుక్కుపోయేవాళ్లు. కొత్త ట్యూబులు అమ్మే బల్ల మీదే పాతది బాగుందో లేదో తేల్చే మిషను ఉంది. ఆ మిషనుకు ఏ మాట చెప్పడం లాభమో వేరే వివరించక్కర్లేదు.

రెండో జాతి మ్యూచువల్ కండక్టెన్స్ టెస్టర్లు. అమెరికాలో హికాక్, ఇంగ్లండులో ఆవో. ఇవి మర్యాదస్తులు. మా తెనాలి కాలవల భాషలో చెబుతాను. ట్యూబు ఒక తూము, గ్రిడ్ దాని తలుపు. తలుపు ఒక్క అంగుళం ఎత్తితే నీటి పారుదల ఎంత పెరిగింది? ట్యూబులో అయితే గ్రిడ్ మీద ఒక వోల్టు మారితే ప్లేటు కరెంటు ఎన్ని మిల్లీఆంపియర్లు మారింది? అదే మ్యూచువల్ కండక్టెన్స్. 12ఏయూ7కు పుస్తకంలో 2.2 అని ఉంటుంది, 6డీజే8కు 12.5. కానీ ఆ అంకెల వెనక షరతులున్నాయి. 12ఏయూ7 అంకె ప్లేటు మీద 250 వోల్టులు, గ్రిడ్ మీద మైనస్ 8.5 ఉన్నప్పటిది. 6డీజే8 అంకె 90 వోల్టుల దగ్గర, 15 మిల్లీఆంపియర్ల కరెంటు పారుతున్నప్పటిది. కరెంటు తగ్గిస్తే అదే ట్యూబు, ఏ లోపమూ లేకుండానే, తక్కువ అంకె చూపిస్తుంది. ఇక హికాక్ జాతి టెస్టర్లు ప్లేటుకు ఇచ్చేది వడకట్టిన డీసీ కాదు, మెయిన్స్‌తోపాటు ఎగిరిపడే పల్సుల కరెంటు. కాబట్టి ఆ ముల్లు చూపించే అంకె ఆ మిషను సొంత భాషలోది. పక్క మిషను అంకెతో దాన్ని పోల్చడానికి లేదు.

అదీ పెద్ద తప్పు కాదనుకుందాం. అంకె నూటికి నూరుపాళ్లు నిజమే అనుకుందాం. అయినా నా వాదన నిలుస్తుంది. ఎందుకంటే మంచి కొలత పరికరం గీసినవాళ్లు ట్యూబును నమ్మి గీయలేదు. ట్యూబు ముసలిదవుతుందని, ఏ రెండూ ఒకేలా ఉండవని వాళ్లకు ముందే తెలుసు.

545ఏ సర్క్యూటు బొమ్మ తీసి చూడండి. కాథోడ్ కింద పెద్ద రెసిస్టరు, దాని రెండో కొస మైనస్ 150 వోల్టుల సప్లైలో. ఇది అడుగడుగునా కనిపిస్తుంది. ఉదాహరణకు ఆ రెసిస్టరు 15 కిలో ఓములు అనుకోండి. కాథోడ్ సున్నా వోల్టులకు దగ్గరగా ఉంటుంది కాబట్టి రెసిస్టరు మీద 150 వోల్టులు, కరెంటు 10 మిల్లీఆంపియర్లు. ఆ కరెంటు ఎంతుండాలో నిర్ణయించింది రెసిస్టరు, ట్యూబు కాదు. ట్యూబు ముసలిదై, అదే కరెంటు ఇవ్వడానికి గ్రిడ్ బయాస్ (కాథోడ్‌తో పోలిస్తే గ్రిడ్ మీద ఉండే వోల్టేజి) మైనస్ 3 నుంచి మైనస్ 1.5కు రావాల్సి వచ్చిందనుకోండి. కాథోడ్ ఒకటిన్నర వోల్టు కదిలింది. 150లో ఒకటిన్నర, అంటే కరెంటులో తేడా నూటికి ఒక వంతు. కింద మోటారు నిమిషానికి ఇంత అని తోడుతున్నప్పుడు తూము తలుపు కాస్త తుప్పు పట్టినా పారుదల మారదు, తలుపు ఇంకాస్త పైకి లేస్తుందంతే.

గెయిన్ సంగతీ అంతే. అదే 15 కిలో ఓముల మీద ఒక కాథోడ్ ఫాలోవర్ (గ్రిడ్‌కు వచ్చిన సిగ్నలును దాదాపు అంతే ఎత్తులో కాథోడ్ దగ్గర అందించే సర్క్యూటు), అందులో 6డీజే8. దాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టరు 33. మ్యూచువల్ కండక్టెన్స్ 10 ఉన్నప్పుడు లెక్క కడితే గెయిన్ 0.964 వస్తుంది. దాన్ని సగానికి కొట్టి 5 చేయండి. ఆ ట్యూబును ఏ టెస్టరైనా చెత్తలో వేయమంటుంది. గెయిన్ 0.958. తేడా నూటికి ఒక వంతు కూడా లేదు. స్కోపు తెర మీద గీత మందమే అంతకన్నా ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసిన రోజు లేచి గుడ్ల అట్ట ముందుకు లాక్కున్నాను.

టెక్‌ట్రానిక్స్ వాళ్ల పాత మాన్యువళ్లలో ఇదే మాట సూటిగా ఉంది. అప్పుడప్పుడూ ట్యూబులన్నీ తీసి పరీక్షించే అలవాటు మేం సిఫారసు చెయ్యం, ట్యూబు పనికొస్తుందో లేదో చూసేందుకు ఆ పరికరంలోని సర్క్యూటే తగిన చోటు, బాగున్నదాన్ని తిరిగి దాని సాకెట్‌లోనే పెట్టండి అని. నేను మాన్యువల్ కొన్నాను, ఆ పేజీ దాటేసి సర్క్యూటు బొమ్మలకు వెళ్లిపోయాను. సముద్రానికి ఇటొకరు అటొకరు, ఒకరినొకరు ఎరగనివాళ్లు, మా నాన్నా ఆ మాన్యువల్ రాసినవాళ్లూ చెప్పింది ఒకటే మాట.

ముల్లు మంచి ట్యూబుల్ని చెడ్డవంటుందన్నది నా ఫిర్యాదులో సగమే. చెడ్డవాటిని మంచివని పాస్ చేసేస్తుంది కూడా. నా దృష్టిలో ఇది ఇంకా పెద్ద నేరం.

హీత్‌కిట్ వీ-7ఏ అనే ట్యూబు వోల్టుమీటరు తీసుకోండి. ఒక 12ఏయూ7, ఒక 6ఏఎల్5, ఇంతే సరంజామా. 12ఏయూ7లోని రెండు ట్రయోడులు (ఒక్క గ్రిడ్ ఉన్న ట్యూబులు) తక్కెడ పళ్లాల్లా ఉంటాయి, వాటి మధ్య మీటరు. కొలిచే వోల్టేజి 10 మెగా ఓముల పైచిలుకు రెసిస్టర్ల గొలుసు మీదుగా గ్రిడ్‌కు వస్తుంది. గ్రిడ్ కరెంటు తీసుకోకూడదన్నది నియమం. కానీ ట్యూబులో కాస్త గ్యాసు మిగిలినా, గ్రిడ్ మీద కాథోడ్ పూత కొంచెం అంటినా, చిన్న కరెంటు పారుతుంది. 5 నానోఆంపియర్లు అనుకోండి. 10 మెగా ఓముల మీద అది 50 మిల్లీవోల్టులు. ఒకటిన్నర వోల్టుల రేంజిలో ముల్లు కంటికి ఆనేంత జరుగుతుంది. మామూలు టెస్టర్లలో గ్యాసు పరీక్ష అని ఉండేది మైక్రోఆంపియర్ల స్థాయిలో గానీ కళ్లు తెరవదు. వేల నానోఆంపియర్లు పారితే గానీ దానికి రోగం కనబడదు. అదే మీటరులో పెట్టి, ప్రోబు కొసలు కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి చూడండి. సున్నా కదిలిందా, ఆ ట్యూబు అక్కడ పనికిరాదు. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. ఆ ట్యూబును ఆడియో ఆంప్లిఫయరులో పెట్టుకోండి, హాయిగా పాడుతుంది. అది చెడ్డ ట్యూబు కాదు, ఆ చోటుకు సరిపడనిది.

ఇక కాథోడ్ ఇంటర్‌ఫేస్. నా చలికాలం మింగింది ఇదే.

కాథోడ్ అంటే నికెల్ గొట్టం, పైన బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల తెల్లటి పూత. నికెల్‌లో కొద్దిగా సిలికాన్ ఉంటే అది కాలక్రమంలో పూతతో కలిసి, గొట్టానికీ పూతకీ మధ్య బేరియం సిలికేటు పొర కడుతుంది. అది కరెంటును అడ్డుకుంటుంది. ట్యూబు లోపలే, మన చేయి పెట్టలేని చోట, ఎవరో ఒక రెసిస్టరూ కెపాసిటరూ పక్కపక్కన కట్టినట్టు. వేగంగా మారే సిగ్నలు కెపాసిటర్ గుండా దూరిపోతుంది, నెమ్మదైనది రెసిస్టరులో చిక్కుతుంది. చతురస్ర తరంగం ఇస్తే ముందు అంచు పూర్తి ఎత్తుకు లేచి, ఒక మైక్రోసెకను అటూఇటూలో కాస్త కిందికి జారి నిలబడుతుంది. మెయిన్స్ వేగంతో నడిచే టెస్టరుకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? 98 అని చూపిన ట్యూబు ఒకటి నా స్కోపులో మూల పైకి లేపి కూర్చుంది. కొత్త పెట్టెలోంచి తీసింది, నంబరు గొప్పగా ఉంది కదా అని దాన్ని అన్నిటికన్నా చివర అనుమానించాను. అదే దోషి.

ఈ పొర ఎక్కువ కట్టేది బాగా వాడిన ట్యూబులో కాదు. హీటరు వెలుగుతూ, ప్లేటు కరెంటు పారకుండా ఉత్తినే కూర్చున్న ట్యూబులో. ఎంఐటీలో 1940ల చివర వర్ల్‌విండ్ కంప్యూటరు కడుతున్నప్పుడు జే ఫారెస్టర్ బృందానికి ఇది పెద్ద గండమైంది. కంప్యూటరులో చాలా ట్యూబులు ఎక్కువసేపు ఆఫ్ స్థితిలోనే ఉంటాయి కదా. సిలికాన్ తక్కువున్న నికెల్ వాడించి దాన్ని దాటారు. వాళ్లు ఇంకో పని కూడా చేశారు. సర్క్యూటు నడుస్తుండగానే వోల్టేజీలను కావాలని అటూఇటూ జరిపి, ఏ భాగం ముందుగా తడబడుతుందో చూసి, పోబోయే ట్యూబును పోకముందే పట్టుకునేవాళ్లు. మార్జినల్ చెకింగ్ అన్నారు దాన్ని. తర్వాత అమెరికా వైమానిక రక్షణకు కట్టిన సేజ్ కంప్యూటర్లకూ అదే పద్ధతి వెళ్లింది. ఒక్కోదానిలో వేలకు వేల ట్యూబులు. ఒక్కోటీ పీకి టెస్టరులో పెట్టడమన్న ఆలోచనకే అక్కడ చోటు లేదు. అవి ఉన్నచోటే, పనిలో ఉండగానే పరీక్ష.

బెంచీ మీద మనమూ ఆ పని చేయవచ్చు, మెయిన్స్ వోల్టేజిని పెంచి తగ్గించే వేరియాక్ ఒక్కటి ఉంటే చాలు. 500 సిరీస్ స్కోపుల్లో మైనస్ 150, ప్లస్ 100, 225, 350, 500 వోల్టుల సప్లైలన్నీ ఎలక్ట్రానిక్‌గా రెగ్యులేట్ చేసినవి. మెయిన్స్ 117 నుంచి 105కు దించినా అవి కదలవు. చాలా ట్యూబుల హీటర్లు మాత్రం నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటాయి, అవి చల్లబడతాయి. ఇంటర్‌ఫేస్ పొర చల్లబడే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. అంటే మెయిన్స్ దించి కాసేపు ఆగి చూస్తే, తరంగం మూల ఇంకా లేచిందంటే ట్రిమ్మర్ల (తరంగం ఆకారం సరిదిద్దేందుకు తిప్పే చిన్న భాగాల) తప్పు కాదు, ఏదో కాథోడ్ తప్పు. ఇది తెలియక ఆ లేచిన మూలను ట్రిమ్మర్లతో అణచాలని నేను మూడు వారాలు కుస్తీ పట్టాను. ట్రిమ్మరుతో దాన్ని దాచవచ్చు, పోగొట్టలేం.

ఇప్పుడు జతల సంగతి. మ్యాచ్డ్ పెయిర్ అని రాసి, రెండు పెట్టెల మీద ఒకే అంకె వేసి, రెండింతల ధరకు అమ్ముతారు. ఆ అంకె ఒక్క వోల్టేజి దగ్గర, ఒక్క కరెంటు దగ్గర, ఒక్క రోజున కొలిచింది. పుష్‌పుల్ ఆడియో ఆంప్లిఫయరుకు, అందులోనూ ఫిక్స్‌డ్ బయాస్ ఉన్నదానికి, రెండు ట్యూబుల కరెంటు సమానంగా ఉండటం నిజంగా అవసరమే. అక్కడ ఆ జతకు విలువుంది, కాదనను. కొలత పరికరంలో ఒక్కో సాకెట్ ఒక్కో రకం జోడీని కోరుతుంది.

టైప్ డి ప్లగ్-ఇన్ (స్కోపులో దూర్చి, కావాలంటే మార్చుకునే ఆంప్లిఫయరు పెట్టె) సెంటీమీటరుకు ఒక మిల్లీవోల్టు చూపించే డిఫరెన్షియల్ ఆంప్లిఫయరు. రెండు ఇన్‌పుట్‌లకూ ఒకే సిగ్నలు ఇస్తే తెర మీద ఏమీ కనబడకూడదు. అక్కడ జత అంటే ఉమ్మడి సిగ్నలును ఒకదానికొకటి చెల్లగొట్టుకోవడం. కాబట్టి పరీక్ష కూడా అదే. రెండు ఇన్‌పుట్‌లకూ ఒకే సైన్ తరంగం ఇచ్చి, ట్యూబులు మార్చి మార్చి, ఏ జోడీకి తెర మీద మిగిలేది అతి తక్కువో అది ఉంచాలి. అదే ప్లగ్-ఇన్‌లో పెన్సిలు రబ్బరుతో ట్యూబును మెల్లగా తడితే గీత వణుకుతుందా అన్నది రెండో ప్రశ్న. టెస్టరు ఈ రెండిట్లో ఒక్కటీ అడగదు. మామూలు ప్లగ్-ఇన్‌లో గెయిన్ వేరియబుల్ నాబు తిప్పితే గీత పైకీ కిందికీ పోకూడదు. డీసీ బ్యాలెన్స్ నాబు మధ్య దరిదాపుల్లో ఉండగా గీత నిలిస్తే ఆ జత చాలు. నాబు ఒక చివరకు పోయిందా, ఆ రెండు ట్యూబుల్ని అటుదిటు మార్చి చూడండి. ఇంకొక సంబంధం వెతకడం ఆ తర్వాత.

ఇంకో సాకెట్‌లో అసలు జత అక్కర్లేదు. 545ఏ వెర్టికల్ ఆంప్లిఫయరు డిస్ట్రిబ్యూటెడ్ రకం, రెండు వైపులా ఆరేసి పెంటోడులు (మూడు గ్రిడ్లున్న ట్యూబులు). సిగ్నలు ఒక డిలే లైను వెంట నడుస్తుంటే దారిలో ఒక్కో ట్యూబూ తన వంతు చేయి వేస్తుంది. ఆరింటిలో ఒకటి మార్చి, కొత్తది పాతవాటికన్నా 20 శాతం బలమైనదే పెట్టారనుకోండి. ఆ వైపు గెయిన్ పెరిగేది మూడు శాతం చిల్లర. ఎవరికీ తెలియదు కూడా. పన్నెండూ ఒకేసారి మారిస్తే గెయిన్ మారుతుంది. ప్రతి సాకెట్ దగ్గరా పాత ట్యూబు కెపాసిటెన్సుకు సరిపెట్టి తిప్పి ఉంచిన ట్రిమ్మర్లన్నీ ఒక్కసారిగా దారి తప్పుతాయి. నేను చేసింది సరిగ్గా అదే. యాభై ఏళ్లుగా ఒకదానికొకటి అలవాటుపడ్డ పన్నెండు ట్యూబుల్ని ఒక్క మధ్యాహ్నంలో చెదరగొట్టాను.

ఆ కంపెనీవాళ్లూ ఎంచి తీసేవాళ్లే కదా అని అడగవచ్చు. తీసేవాళ్లు. వాళ్ల పార్టు నంబర్లలో 154తో మొదలయ్యేవి మామూలు ట్యూబులు, 157తో మొదలయ్యేవి ఏరి తీసినవి. కానీ చూడండి, ఒక స్కోపులోని ట్యూబుల్లో 157వి కొద్దిగానే ఉంటాయి. ఏ సాకెట్‌లో ఏ గుణం కావాలో తెలిసి, ఆ గుణం కోసమే ఏరారు. మిగతా అన్నిచోట్లా అంగట్లో దొరికేదేదైనా సరిపోయేలా సర్క్యూటు గీశారు. నా దృష్టిలో ఆ ఇంజనీర్ల గొప్పతనం ఏరి తీసినవాటిలో కన్నా, ఏరక్కర్లేకుండా చేసినవాటిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

టెస్టరు దండగ అని నేను అనను. నా దగ్గర ఇప్పటికీ ఉంది, ప్రతి కొత్త ట్యూబూ ముందు దాని మీదికే వెళుతుంది. షార్టు పరీక్ష కోసం. హీటరు కాథోడ్‌కు తగిలినదో, రెండు గ్రిడ్లు అంటుకున్నదో తెలియక స్కోపులో పెడితే, ఇప్పుడెక్కడా దొరకని రెసిస్టరు ఒకటి కాలిపోవచ్చు. షార్టు ఉందని చెప్పే నియాన్ దీపం టెస్టరు మీద వెలిగిందా, ఆ ట్యూబు గడప దాటదు. పరికరం అసలు వెలగకుండా పడి ఉన్నప్పుడు, దాన్నే పరీక్షగా వాడమని చెప్పడంలో అర్థం లేదు, అప్పుడూ టెస్టరే దిక్కు. చచ్చినదాన్ని చచ్చిందని చెప్పడంలో దానికి సాటి లేదు. బతికున్నవాటికి మార్కులు వేయడం దగ్గరే నేను దాని మాట వినను.

దానికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది, చెబితే చాలా చిన్నగా ఉంటుంది. పిన్నులు తుడవండి. సాకెట్లకు కాంటాక్టు క్లీనరు కొట్టండి. నా ఇరవైమూడింటిలో ఎన్ని పిన్నుల మీద మసివల్ల తక్కువ చూపించాయో ఇప్పుడు తేల్చలేను కానీ, తుడిచి మళ్లీ పెడితే ముల్లు ఎగిరినవి చాలానే ఉన్నాయి. పీకేముందు ప్రతి ట్యూబు మీదా సాకెట్ నంబరు రాయండి. పెన్సిలుతో గాజు మీద నిలవదు, చిన్న కాగితం ముక్క దారంతో కట్టండి. అలా రాసి ఉంటే పందొమ్మిది ట్యూబులకు వాటి ఇళ్లు వెతకడానికి నాకు అన్ని నెలలు పట్టేది కాదు. లోపల చేయి పెట్టేముందు స్విచ్చి ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగండి. అక్కడ 500 వోల్టులున్నాయి, పిక్చర్ ట్యూబు దగ్గర వేలల్లో ఉన్నాయి.

ఈ వాదన నాకు ఇంత పట్టింపు కావడానికి ఇంకో కారణం ఉంది. ఈ పాత స్కోపుల్లో టెలీఫుంకెన్, ఆంపరెక్స్ ముద్ర ఉన్న 12ఏఎక్స్7లూ 6డీజే8లూ దొరుకుతాయి. ఆడియో బజారులో వాటికి మంచి ధర. ఆ నాలుగు ట్యూబుల కోసం స్కోపు మొత్తాన్ని విప్పి, ట్యూబులు ఊడదీసి, మిగతాది తుక్కు కింద అమ్ముతున్నారు. తీసిన ట్యూబుల్లో టెస్టరు మీద తక్కువ చూపినవి అక్కడే చెత్తకుండీలో పడతాయి. ఉన్నచోట ఇంకో పదేళ్లు పనిచేయగల ట్యూబు, దాన్ని పనిచేయించగల స్కోపు, రెండూ పోతున్నాయి. వీటిని తయారుచేసే ఫ్యాక్టరీలు ఎప్పుడో మూతపడ్డాయి. 12ఏఎక్స్7 లాంటివి గిటారు ఆంప్లిఫయర్ల పుణ్యమా అని ఇంకా కొత్తగా తయారవుతున్నాయి గానీ, స్కోపు లోపలి పెంటోడులు చాలావాటిని ఇక ఎవరూ చేయరు. ఉన్నవే ఉన్నాయి.

గుడ్ల అట్టలో మిగిలిన నాలుగింటి సంగతి చెప్పలేదు. ఒకదానిలో హీటరు కాథోడ్‌కు తగులుతుంది, అది టెస్టరు పట్టింది. ఒకటి తడితే మోగుతుంది. ఒకటి గ్రిడ్ కరెంటు లాగుతుంది. నాలుగోది వేరియాక్ దించితే మూల లేపుతుంది. ఈ చివరి మూడింటినీ స్కోపే పట్టుకుంది. 62 చూపించిందని మొట్టమొదట పీకేసిన ట్యూబు మాత్రం స్వీప్ జనరేటరులో (గీతను తెర మీద అడ్డంగా నడిపే సర్క్యూటులో) తన చోట ఉంది. స్వీప్ వేగాలు అన్ని రేంజిల్లోనూ మాన్యువల్ చెప్పిన హద్దులోనే వస్తున్నాయి.

ఈ వారం బెంచీ మీద వీ-7ఏ ఉంది. పక్కన మూడు 12ఏయూ7లు కరెంటు పారుతూ వెచ్చగా కూర్చుని రెండు రోజులైంది. పెట్టెలోంచి తీసిన ట్యూబు మొదటి కొన్ని పదుల గంటలూ నిలకడగా ఉండదు, ఈలోగా జత కుదిర్చి లాభం లేదు. రేపు ఒక్కోదాన్నీ మీటరులో పెట్టి, మెయిన్స్ 105 నుంచి 125 దాకా జరిపి, ఎవరి సున్నా తక్కువ కదులుతుందో చూడాలి. మా నాన్న వీడియో కాల్ పెట్టమన్నారు. ముల్లు కనబడేలా ఫోను స్టాండుకు బిగించమన్నారు, చేతులో పట్టుకుంటే ఊగుతుందట.